అడిగి కోయించుకున్న పన్ను

22 నవంబర్ 2024, శుక్రవారం

ఈయన ఉద్యోగం పోయింది.

ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజని కేక్ కోశారట. తలా ఒక ముక్క తిన్నాక మేనేజర్ పక్కకి పిలిచి, కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యడం లేదని చెప్పాడట. ఈయన ఇంటికొచ్చి ముందు ఆ కేక్ సంగతే చెప్పారు. మీద గులాబీ బదులు డైనోసార్ ఉందని చెబితే నేను పకపకా నవ్వాను కూడా. ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. 

పదిహేనేళ్ళుగా పేరోల్ సాఫ్ట్‌వేర్ మీద బతుకుతున్న మనిషి. మెల్‌బోర్న్‌లో సగం కంపెనీల జీతాలు భానుప్రసాద్ గారి చేతి మీదుగానే వెళ్తాయని మా అన్నయ్య వేళాకోళం చేసేవాడు. ఇప్పుడా భానుప్రసాద్ గారికే జీతం లేదు.

నాది చైల్డ్‌కేర్‌లో వారానికి మూడు రోజుల పని. ఇల్లు చూస్తే ట్రుగనీనాలో నాలుగు బెడ్‌రూములది. పాపం వీళ్ళకి మూడు రోజుల జీతమే కదా అని బ్యాంకు వాడు మూడు బెడ్‌రూములకే వాయిదా తీసుకోడు.

24 నవంబర్, ఆదివారం

తలకి నూనె పెడుతూ లిఖితకి చెప్పాను, నాన్నకి కొన్నాళ్ళు పని ఉండదని. పన్నెండేళ్ళ పిల్ల. తల వెనక్కి వాల్చి నా మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆర్ వీ పూర్ నౌ? అంది. కాదమ్మా అన్నాను. ఓకే, దెన్ డోంట్ పుల్ సో హార్డ్ అంది.

ఆదివారం ఈ అరగంట ఉంది కాబట్టి మిగతా వారం లాగుతున్నాను.

11 ఫిబ్రవరి 2025, మంగళవారం

పని లేనివాళ్ళకి గవర్నమెంటు ఇచ్చే సెంటర్‌లింక్ డబ్బు మొదటిసారి పడింది. దాని పేరు జాబ్‌సీకర్ పేమెంట్. వీధిలో అందరూ డోల్ అంటారు.

ఎవరికీ చెప్పొద్దనుకున్నాం. దొంగతనం కాదు. ఇక్కడి పౌరులమే, ఇన్నేళ్ళు పన్నులు కట్టినవాళ్ళమే. ఈయనది సొంత ఏబీఎన్ మీద, అంటే సొంత వ్యాపారం నంబరు మీద పని కాబట్టి, వచ్చేదాంట్లో ఎవరూ కొయ్యకపోయినా ప్రతి నెలా టాక్స్ కోసం ఇంత అని తీసి పక్కన పెట్టేవారు. ఆ డబ్బు ముట్టుకుంటే నా చెయ్యి విరిచేసేలా చూసేవారు. అయినా సరే, తెలుగువాళ్ళ గ్రూపులో ఒక్కరికి తెలిస్తే చాలు, వచ్చే బర్త్‌డే పార్టీలో బిర్యానీ కొంచెం ఎక్కువ వడ్డించి జాలిగా చూస్తారు. ఆ జాలి నాకు అరగదు. అందుకే శనివారం భజనలు కూడా మానేశాం. ఇప్పుడు ఏ ప్రాజెక్ట్‌లో ఉన్నారు అని అడుగుతారని.

పక్కింటి ఇందిరా ఆంటీకి మాత్రం తెలుసు. వాళ్ళు ఫిజీ తెలుగువాళ్ళు. ఆంటీకి వాళ్ళ తాతల నాటి తెలుగు ముక్కలు కొన్ని మిగిలాయి, మిగతాదంతా ఇంగ్లీషే. వాళ్ళబ్బాయి ఆష్నీల్ తన ఏబీఎన్ మీద పార్సిళ్ళ వ్యాను తోలేవాడు. అతని కాంట్రాక్ట్ కూడా మాతో పాటే పోయింది. అతనూ డోల్ మీదే ఉన్నాడు. ఆంటీ దాచుకోదు. ఉన్నప్పుడు కట్టాం, లేనప్పుడు తీసుకుంటాం, షేమ్ దేనికి అంటుంది. నాకా ధైర్యం రావడం లేదు.

12 మార్చి, బుధవారం

బట్టలు ఆరేస్తుంటే ఫెన్స్ అవతల నుంచి ఆంటీ మాటల్లో చెప్పింది, ఆష్నీల్‌కి పదిహేను రోజులకోసారి ఎంత పడుతోందో. నా చేతిలో క్లిప్పు జారిపోయింది.

మాకు అంత రావడం లేదు. చాలా తేడా ఉంది. అవే రూల్సు. వాళ్ళ కోడలికీ నాలాగే పార్ట్‌టైమ్ జీతం. మరి మాకెందుకు తక్కువ?

ఈయన్ని అడిగాను. లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా, మనకొచ్చేది అంతే సుగుణా, అన్నీ చూసే పెట్టాను అన్నారు. మొదటి నుంచీ ఈయనకిదే జబ్బు. చేతికొచ్చేది చెబుతారు గానీ అది ఎక్కడి నుంచి మొదలై ఎక్కడ ఎంత తగ్గి అలా వచ్చిందో చెప్పరు. ఆఫీసులో అందరికీ పేస్లిప్పులు, ఇంట్లో పెళ్ళానికి మాత్రం ఆఖరి అంకె.

13 మార్చి

తేడా ఎక్కడికి వెళ్తోంది?

27 మార్చి, గురువారం, మధ్యాహ్నం

చైల్డ్‌కేర్‌లో పెయింట్లు అయిపోయాయని నన్ను షాపింగ్ సెంటర్‌కి పంపారు. దాని వెనకాల ఒక క్లబ్ ఉంది. గుమ్మం మీద పగలు కూడా వెలిగే రంగు దీపాలు, పోకీస్ అని, అంటే జూదం మెషిన్లని, బోర్డు. ఆ బోర్డు కింద మా కారు. మా కారే. వెనక అద్దం మీద లిఖిత అంటించిన పాండా స్టిక్కర్ కూడా నా వైపే చూస్తోంది.

పెయింటు డబ్బాలు పట్టుకుని చెట్టు చాటున నిలబడ్డాను. కాసేపటికి ఈయన బయటికి వచ్చారు. కళ్ళజోడు తుడుచుకుని, కారెక్కి వెళ్ళిపోయారు. రోజూ లైబ్రరీకి వెళ్తున్నానని చెప్పిన మనిషి.

మాతో పనిచేసే ఒకావిడ మొగుడు ఆ మెషిన్ల ముందే కూర్చుని కారు పోగొట్టాడు, తర్వాత ఇల్లు పోగొట్టాడు. ఆవిడ చెబుతుంటే అయ్యో అన్నాను. లోపల్లోపల, మా ఇంట్లో ఇలాంటివి జరగవులే అనుకున్నాను. 

28 మార్చి

అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. చెప్పేశాను.

19 ఏప్రిల్, శనివారం

బాలమురళి అన్నయ్య నిన్న అడిలైడ్ నుంచి పొద్దున్నే బయల్దేరి చీకటి పడేసరికి వచ్చాడు. మాసన్ లేక్స్‌లో ఉంటాడు, అక్కడి టెక్నాలజీ పార్క్‌లో పెద్ద ఉద్యోగం. ఈస్టర్ సెలవులకి చూసిపోదామని వచ్చానన్నాడు. ఇవాళ పొద్దున ఇడ్లీలు తిని, చెయ్యి కడుక్కుని, హాల్లో పంచాయతీ పెట్టాడు.

బావగారూ, క్లబ్బుకి వెళ్తున్నారా లేదా అని అడిగాడు. వెళ్తున్నాను అన్నారు ఈయన.  కాదంటారనుకున్నాను, కనీసం తడబడతారనుకున్నాను. ఆడతారా అన్నాడు. ఆడను అన్నారు. ఆడకపోతే మరక్కడ మీకేం పని అన్నాడు. కూర్చుంటాను అన్నారు. అన్నయ్య నా వైపు తిరిగి, విన్నావుటే, కూర్చుంటారంట అన్నాడు.

సరే, డోల్ డబ్బు తక్కువ పడుతోంది కదా, అదెటు పోతోంది అన్నాడు. టాక్స్ అన్నారు ఈయన.

 అన్నయ్య పగలబడి నవ్వాడు. డోల్ మీద టాక్సేంటి బావగారూ, ఈ చేత్తో వేసి ఆ చేత్తో లాక్కుంటారా అన్నాడు. ఈయన నెమ్మదిగా చెప్పారు. డోల్ కూడా ఆదాయమేనట. ఆర్థిక సంవత్సరం అయ్యాక మిగతా సంపాదనతో కలిపి లెక్కేస్తారట. ఇచ్చేటప్పుడు వాళ్ళంతట వాళ్ళు కొయ్యరట, కావాలంటే మనమే అడగాలట. జులైలో మీద పడకుండా నేనే అడిగి కోయించుకుంటున్నాను అన్నారు.

అడిగి కోయించుకుంటున్నారా! అన్నాడు అన్నయ్య. ఇంట్లో పైసా పైసా చూసుకుంటూ, నా డబ్బు కొయ్యండి బాబూ అని ఎవడైనా అడుగుతాడా? మా చెవుల్లో పూలేమైనా కనబడుతున్నాయా మీకు? నాకూ అదే అనిపించింది. పక్కింటి ఆష్నీల్‌కి ఒక్క డాలరు కూడా కొయ్యడం లేదని నేనే అందించాను. పని మీద పన్ను విన్నాను గానీ, పని లేకపోవడం మీద కూడా పన్ను ఉంటుందా ఎక్కడైనా?

ఈయన ఫోన్ తీసి నా వైపు చాచారు. ఇందులో ఉంది, చూసుకో అన్నారు. అన్నయ్య వైపు కాదు, నా వైపు. నేను తీసుకోలేదు. లైబ్రరీ అని ఇన్నాళ్ళు అబద్ధం చెప్పిన మనిషి ఫోన్ చూసి ఏం లాభం అనిపించింది.

అప్పుడు అన్నయ్య లిఖితని కేకేశాడు. మా ఇళ్ళలో మాట తేలకపోతే ఇదే ఆఖరి కోర్టు. బిడ్డ తల మీద చెయ్యి. అన్నయ్య దాని భుజం పట్టుకుని ఈయన ఎదురుగా నిలబెట్టాడు. పిల్ల తల మీద చెయ్యేసి చెప్పండి బావగారూ, ఆ మెషిన్లలో డబ్బు వెయ్యలేదని, నేనిప్పుడే కారెక్కి పోతాను అన్నాడు. లిఖిత నా వైపు చూసి, అమ్మా, వాట్స్ హ్యాపెనింగ్? అంది. ఏం లేదమ్మా, నిలబడు అన్నాను.

ఈయన చెయ్యి లేచింది. సగం దాకా వచ్చి దిగిపోయింది. దీని తల మీద నేను ఒట్టు వెయ్యను, నా తల మీద కావాలంటే వేస్తాను అన్నారు. మీ తలకేం లెండి అన్నాడు అన్నయ్య. ఈయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

నిజమే అయితే వెయ్యడానికేం? వెయ్యలేదంటే ఇక అడగాల్సిందేముంది? నా మొగుడు డోల్ డబ్బు తీసుకెళ్ళి మెషిన్లలో పోస్తున్నాడు. రాస్తున్నాను గానీ, రాసింది చదువుకుంటే ఎవరి ఇంటి సంగతో అనిపిస్తోంది.

20 ఏప్రిల్, ఆదివారం

నూనె తనే పెట్టుకుంటానంది లిఖిత. సరే అన్నాను. పెద్దదవుతోంది.

17 మే, శనివారం

బిన్ను బయట పెట్టండి. పాలు అయిపోయాయి. పిల్లని స్విమ్మింగ్ నుంచి తీసుకురండి. ఈ ఇంట్లో మాటలు ఇప్పుడివే.

బ్యాంకు కార్డు ఇచ్చెయ్యమన్నాను. అడగ్గానే పర్సులోంచి తీసి బల్ల మీద పెట్టారు. అదీ నాకు కోపమే. తప్పు చెయ్యని మనిషైతే ఇవ్వనని అరవొద్దూ? ఈయనకి అరవడం రాదు. పెళ్ళైన కొత్తలో అదే చూసి మురిసిపోయాను.

అన్నయ్య ఫోన్ చేశాడు. మాసన్ లేక్స్‌లో ఒక చైల్డ్‌కేర్‌లో నా గురించి మాట్లాడాడట. వారమంతా పని. లిఖితకి స్కూలు కూడా చూశాడట. జులై సెలవులు ఇవ్వగానే మీరిద్దరూ వచ్చెయ్యండి, ఇక వెనక్కెళ్ళే పని పెట్టుకోకండి అన్నాడు. ఆలోచిస్తానన్నాను. ఆలోచించడానికేం లేదు, ధైర్యమే చాలడం లేదు.

8 జూన్, ఆదివారం

చలి మొదలైంది. లిఖిత ఇంట్లో కూడా హుడీ విప్పడం లేదు. టోపీ నుదుటి మీదికి లాక్కుని తింటుంది, చదువుతుంది, పడుకుంటుంది. జుట్టు పాడైపోతుందే అని అరిచాను. ఐయామ్ కోల్డ్ అంది. హీటర్ పెంచాను. ఈయన ఒక్క హీటరు గురించి మాత్రం ఏమీ అనరు, మేం ఇంట్లో ఉన్నంతసేపూ వెయ్యమనే అంటారు. ఇంత వేడిలో కూడా టోపీ తియ్యలేదు పిల్ల.

1 జులై, మంగళవారం

టికెట్లు కొన్నాను. నాకూ లిఖితకీ. శనివారం ఫ్లైట్. వెళ్ళడానికే, రావడానికి కొనలేదు.

ఈయనకి చెప్పాను. ఎన్నాళ్ళు అన్నారు. చూద్దాం అన్నాను. అడిలైడ్‌లో కూడా చలిగానే ఉంటుంది, దాని మందం జాకెట్ పెట్టు అన్నారు. వెళ్ళొద్దంటే పోట్లాడాలని మాటలన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఒక్కటీ పనికి రాలేదు.

3 జులై, గురువారం, సాయంత్రం

సూట్‌కేసు జిప్పు పడక దాని మీద కూర్చుని ఉంటే ఇందిరా ఆంటీ వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది. ఈయన ఎక్కడ అని అడిగింది. వంటింట్లో ఉన్నారంటే, నాతో ఒక్క మాట కూడా చెప్పకుండా అటు వెళ్ళి ఏదో చెప్పింది. ఈయన చెప్పులేసుకుని పక్కింటికి పరిగెత్తారు. అప్పుడు ఆంటీ నా మంచం మీద కూలబడి ఏడ్చింది.

ఆష్నీల్ పొద్దున ఆన్‌లైన్‌లో టాక్స్ రిటర్న్ వేసుకున్నాడట. వ్యాను సంపాదన మీద పన్నుకని ఏటా కొంత తీసిపెడతాడు. ఈసారి సగం ఏడాది కూడా పని లేదు కాబట్టి ఆ పన్ను కొంచెమే వస్తుంది, మిగతాదాంతో ట్రక్కు లైసెన్సుకి కడదాం అనుకున్నాడు. లైసెన్సు చేతికొస్తే ఆగస్టులో ఉద్యోగం ఇస్తామని ఒక కంపెనీ మాటిచ్చింది. తీరా చూస్తే, తీసిపెట్టినదానికి ఎన్నో రెట్లు కట్టమని వచ్చిందట. డోల్ అంతా వ్యాను సంపాదనతో కలిపేశారట.

తప్పు పడి ఉంటుంది ఆంటీ, డోల్ మీద టాక్స్ ఎందుకు వేస్తారు అన్నాను. నా గొంతు అచ్చం అన్నయ్య గొంతులా వినబడింది.

ఆంటీ ముక్కు తుడుచుకుని, నో అమ్మా, మిస్టేక్ కాదు, యువర్ భాను అప్పుడే చెప్పినాడు, ఫిబ్రవరిలో, ఫెన్స్ దగ్గర నిలబడి. ఆస్క్ దెమ్ టు టేక్ ద టాక్స్ అవుట్, నేను అలాగే చేసినాను అన్నాడు. మావాడు లాఫ్ చేసినాడు అంది.

నేను చేసినాను అన్నాడు. ఫిబ్రవరిలో.  జిప్పు కొస చేతిలోనే ఉండిపోయింది.

అడిగి కోయించుకుంటున్నాను. ఆ మాట మా హాల్లో, మా సోఫాలో కూర్చుని, నా మొహం చూసి చెప్పారు. చెప్పి ఫోన్ కూడా చాచారు. ఆకలేస్తోందని ముద్ద పెట్టి అందులోంచి మళ్ళీ చిటికెడు వెనక్కి అడిగే లెక్క ఎక్కడైనా ఉంటుందా అని ఇప్పటికీ నాకు మంటగానే ఉంది. కానీ ఉంది. నిజంగా ఉంది. ఈయన చెప్పినట్టే ఉంది.

పక్కింటికి వెళ్ళాను. ఈయన ఆష్నీల్ పక్కన కూర్చుని, అంతా ఒక్కసారే కట్టక్కర్లేదు, వాయిదాలు అడగొచ్చు, లైసెన్సు డబ్బు మాత్రం ముట్టుకోకు, ఉద్యోగమొస్తే ఇది తీరిపోతుంది అని చెబుతున్నారు. ఆష్నీల్ చిన్నపిల్లాడిలా తలూపుతున్నాడు. గుమ్మంలో నన్ను చూసి, పప్పు స్టవ్ మీదే ఉంది సుగుణా, మాడుతుందేమో చూడు అన్నారు.

వచ్చి చూశాను. మాడింది.

4 జులై, శుక్రవారం, మధ్యాహ్నం

లంచ్ టైమ్‌లో క్లబ్‌కి వెళ్ళాను. లోపలికి వెళ్ళడం ఇదే మొదలు. ఎడమ వైపు మెషిన్ల గది, గంటల మోత. ఈయన కుడి వైపు ఉన్నారు, కిటికీ పక్కన, హీటర్ కింద. లాప్‌టాప్ తెరిచి ఏదో ఉద్యోగానికి అప్లికేషన్ నింపుతున్నారు. పక్కన మెంబర్లకి ఊరికే ఇచ్చే టీ. స్టీలు డబ్బాలో పెరుగన్నం. కౌంటర్ దగ్గర ఆవిడ నేనెవరో కనుక్కుని నవ్వింది. హీ నెవర్ ప్లేయ్స్, లవ్, అవర్ వర్స్ట్ కస్టమర్ అంది.

ఎదురుగా కూర్చున్నాను. ఇక్కడికెందుకు అన్నాను. ఒక్కడి కోసం ఇంట్లో హీటర్ దేనికి అన్నారు. ఎండాకాలంలో ఏసీ సంగతీ అంతేనట. మొదట్లో నిజంగానే లైబ్రరీకి వెళ్ళారట. అక్కడంతా మనవాళ్ళే, రోజుకొకరు వచ్చి, ఏం బాసూ, లీవా అని పలకరించేవారట. ఇక్కడ ఎవరూ అడగరట.

టాక్స్ సంగతి మొదట్లోనే నాకెందుకు చెప్పలేదు అన్నాను. చెబితే ఆపించేదానివి అన్నారు. ఆపించేదాన్నే.

మరి ఒట్టెందుకు వెయ్యలేదు అన్నాను. అంత నిజం మీ దగ్గర పెట్టుకుని, ఒక్కసారి చెయ్యి పెడితే అయిపోయేది కదా అన్నాను. ఈయన డబ్బాకి మూత పెట్టారు. అది నిలబడి వణికిపోతోంది సుగుణా, నువ్వు చూడలేదా అన్నారు.

చూడలేదు. నేను ఈయన చెయ్యి చూస్తున్నాను.

5 జులై, శనివారం

వెళ్ళలేదు. టికెట్ల డబ్బు వెనక్కి రాదట, రాకపోతే పోయింది.

అన్నయ్యకి ఫోన్ చేశాను. డోల్ మీద కూడానా అని చాలాసేపు ఆశ్చర్యపోయాడు. నాకేం తెలుసే, నేనెప్పుడూ తీసుకోలేదు కదా అన్నాడు. బావగారికి ఒకసారి ఫోనివ్వు అంటాడేమోనని ఆగాను. అక్కడ వాన పడుతోందని చెప్పి పెట్టేశాడు.

19 జులై, శనివారం

ఈయన రిటర్న్ వేశారు. ఏబీఎన్ సంపాదన మీద పన్నుకని ముందు తీసిపెట్టిందీ, డోల్‌లో కోయించుకున్నదీ కలిపితే సరిపోయింది. ఇక కట్టాల్సింది లేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పైనుంచి కిందదాకా అంతా చూపించారు. ఆఖరి అంకె ఒక్కటే కాదు. నాకు సగమే అర్థమైంది. అయినా కదలకుండా కూర్చున్నాను.

సారీ అన్నాను. ఊఁ అన్నారు. భోజనాల దగ్గర, చారులో ఉప్పు కాస్త ఎక్కువైంది అన్నారు. ఏప్రిల్ తర్వాత నా వంటకి వంక పెట్టడం ఇదే. ఏడుపొచ్చేంత సంతోషమేసింది. ఇక అన్నీ సర్దుకుంటాయి.

27 జులై, ఆదివారం

నూనె వేడి చేసి లిఖితని పిలిచాను. ఏమనుకుందో వచ్చి నా ముందు కూర్చుంది. హుడీ టోపీ నేనే మెల్లగా వెనక్కి తీశాను. తల మీద అరచెయ్యి పెట్టగానే భుజాలు బిగుసుకుపోయాయి.

ఈజ్ ఇట్ అబౌట్ నాన్న అగైన్? అంది.

నూనెమ్మా అన్నాను. ఉత్త నూనె.